పన్నెండో నంబరు కళ్ళు

సెప్టెంబరు 7, శనివారం

మైదానం పక్కన ఫొటోలు తీసేవాళ్ళు వేసుకునే చేతుల్లేని కోటు, వెస్ట్ ఇచ్చారు. ఆకుపచ్చది, వీపు మీద తెల్లగా 7. నాకంటే ముందు ఎవరు తొడిగారో గానీ చంకల దగ్గర పాత చెమట వాసన. అయినా హాస్టల్‌కి వచ్చేదాకా విప్పలేదు.

ఇక నేను ఓర్విన్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి అఫీషియల్ స్టూడెంట్ ఫొటోగ్రాఫర్ని. ఈ ముక్క రాస్తుంటేనే నవ్వొస్తోంది. కాలేజీలో ఆటల ప్రచారం చూసే ఫెన్విక్ పొద్దున్నే పిలిచి మూడు రూల్స్ చెప్పాడు. మైదానం అంచున గీసిన చుక్కల గీత దాటకూడదు. ఆటగాళ్ళ బెంచీలుండే మధ్యభాగంలోకి, కొంప మునిగినా సరే, అడుగు పెట్టకూడదు. చప్పట్లు కొట్టకూడదు. కెమెరా పట్టుకున్నాక నీకు టీమ్ లేదు అన్నాడు. చేత్తో బంతి విసిరి ఆట నడిపించే పన్నెండో నంబరు వాడు నా సొంత తమ్ముడండీ అన్నాను. అయితే నువ్వు అసలే కొట్టకూడదు అన్నాడు.

గెలిచాం. 1,140 ఫొటోలు తీశాను. వాటిలో వెయ్యి వీపులు.

సెప్టెంబరు 8

అమ్మ ఫోన్. ఫొటోల గురించి ఒక్క మాట అడగలేదు. వాడికి దెబ్బేమీ తగల్లేదు కదా అని మాత్రం మూడుసార్లు అడిగింది.

హైస్కూల్లో ఉండగా తమ్ముడు కోల్బీకి తలకి గట్టి దెబ్బ తగిలింది. అమ్మ నడిపే స్కూల్ బస్సులోనే వాంతి చేసుకున్నాడు. మూడు వారాలు కర్టెన్లు వేసిన గదిలో పడుకున్నాడు. ఇంకొక్కసారి ఇలా అయితే ఆ హెల్మెట్లో పెటూనియా మొక్క నాటి వాకిట్లో పెడతానని అమ్మ అప్పుడే తేల్చి చెప్పింది. అంటే అంతే, ఆవిడ మాట మీద నిలబడే మనిషి. ఇప్పుడు నాకు వెస్ట్ వచ్చిందని నాకంటే ఆవిడకే సంబరం. దగ్గరే ఉంటావుగా, వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు అంది. నేను వెళ్ళేది ఫొటోలు తియ్యడానికమ్మా అన్నాను. అవీ తియ్యి అంది.

సెప్టెంబరు 14, శనివారం

ఆర్లో అనే పెద్దాయన పరిచయమయ్యాడు. కౌంటీ వారపత్రిక కోసం ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే మైదానంలో, ఇదే మూల నుంచి ఫొటోలు తీస్తున్నాడు. టైల్స్ వేసేవాళ్ళు మోకాళ్ళకి కట్టుకునే ప్యాడ్లు కట్టుకుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉంటాడు. మొదటి క్వార్టర్ అంతా నన్ను చూసి ఊరుకున్నాడు. రెండో క్వార్టర్‌లో ఇక ఆపుకోలేక, అమ్మాయ్, ఆ బంతి వెనక ఎందుకలా పడతావు, అదేమన్నా తప్పిపోయిన నీ కుక్కపిల్లా అన్నాడు.

ఒళ్ళు మండింది. కానీ విన్నాను. బంతి వెంట వెళ్తే వీపులే దొరుకుతాయట. వాళ్ళు ఎక్కడికొస్తారో అక్కడ ముందే కూచోవాలట. మోకాళ్ళ మీద కూచుంటే వెనక పార్కింగ్‌లో కార్లు పోయి ఆకాశం వస్తుంది. మొహమూ బంతీ రెండూ దొరికితే మంచిది, ఒకటే దొరికితే మొహం పట్టుకో అన్నాడు. ఇంటికెళ్ళాక ఒక్కో ఫొటోకీ ఒక్క క్షణమే ఇవ్వు, కన్ను చూడు, కన్ను బతికుంటే ఉంచు, లేకపోతే పారెయ్, జాలిపడకు అన్నాడు.

తన దగ్గరున్న రెండో జత మోకాలి ప్యాడ్లు ఇచ్చాడు. ఎండిన సిమెంటు ఇంకా అంటుకునే ఉంది.

సెప్టెంబరు 15

కోల్బీ బట్టలు ఉతుక్కోవడానికి మా హాస్టల్‌కి వచ్చాడు. వాళ్ళ హాస్టల్లో మెషీన్లు పాడయ్యాయట. అబద్ధం, నా సబ్బుపొడి కోసం వస్తాడు. సీజన్ ముందు, ఆగస్టులో, టీమ్ అందరికీ కంప్యూటర్ మీద ఒక టెస్ట్ పెడతారట. మాటలు గుర్తుపెట్టుకోవాలి, బొమ్మలు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే టెస్ట్ పెట్టి, మార్కులు తగ్గాయా అని చూస్తారు, తగ్గితే ఆడనివ్వరు. అందుకని ఆగస్టులో అందరూ కావాలనే చెత్తగా రాస్తారట. ఏటా అంతే, సీనియర్లే నేర్పిస్తారట. ఆ మార్కులు చూస్తే మా టీమ్ మొత్తానికి బుర్రలో సెనగపిండే ఉందనుకుంటావే అన్నాడు.

పడీ పడీ నవ్వాను. అది ఇక్కడ ఒప్పుకుని తీరాలి. నవ్వాను.

సెప్టెంబరు 21, శనివారం

తీశాను! ఒకే ఒక్కటి, కానీ తీశాను.

మూడో క్వార్టర్. మైదానం చివర, బంతి చేరాల్సిన ఎండ్‌జోన్ మూలలో మోకాళ్ళ మీద ఉన్నాను. కోల్బీ నా వైపే పరిగెత్తుకొస్తూ చెయ్యి పైకెత్తాడు. బంతి వేళ్ళ చివర, వెనక ఆకాశం, హెల్మెట్ కడ్డీల మధ్య రెండు కళ్ళు. ముప్పై గజాల అవతల ఎవడు ఖాళీగా ఉన్నాడో ఆ కళ్ళు చూస్తే నాక్కూడా తెలిసిపోతోంది.

ఆర్లో నా కెమెరా వెనక స్క్రీన్ చూసి ఒక గింజ తొక్క ఉమ్మాడు. ఇది మా పేపర్లో వేసుకుంటా, నీ పేరు సరిగ్గా రాసివ్వు అన్నాడు. బ్రిటా వెస్టర్‌గార్డ్ అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. కోల్బీ మాత్రం, ఇక నీకు కళ్ళు నెత్తికెక్కుతాయి అన్నాడు.

సెప్టెంబరు 28

వాన. కెమెరాకి బ్రెడ్ కవరు తొడిగాను. ఓడిపోయాం.

అక్టోబరు 5, శనివారం

నేను చూడలేదు.

ఎండ్‌జోన్‌లో ఒక క్యాచ్ బాగా వచ్చింది. వెంటనే తలొంచుకుని స్క్రీన్ మీద చూసుకుంటున్నాను. ఆర్లో ఎన్నిసార్లు తిట్టాడో, ఆట నడుస్తుంటే స్క్రీన్ చూడకమ్మాయ్, అద్దంలో మొహం చూసుకున్నట్టు అని. అప్పుడే స్టాండ్స్‌లో జనం అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు. తలెత్తేసరికి కోల్బీ నేల మీద నుంచి లేస్తున్నాడు. పక్కవాడి జెర్సీ గుప్పెట్లో పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు.

ఆటగాళ్ళ దెబ్బలు చూసే టీమ్ ట్రైనర్ డార్లీన్ వాణ్ణి బెంచీ మీద కూచోబెట్టి ఆ టెస్ట్ పెట్టింది. ఆగస్టులో వచ్చిన మార్కులే వచ్చాయట. మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు. గెలిచాం.

అమ్మకి, ఏం లేదు, మామూలు దెబ్బే అని చెప్పాను. నిజంగా అదే అనుకున్నాను.

అక్టోబరు 6

చిరాకు. నిన్న రెండో సగంలో తీసిన కోల్బీ ఫొటోలన్నీ సాఫ్ట్. ఫోకస్ తప్పింది. కళ్ళు ఎక్కడా పట్టలేదు. ఆర్లో చెప్పినట్టు ఒక్కోదానికి ఒక్క క్షణం ఇచ్చి, బటన్ నొక్కుతూ పోయాను. 212 ఫొటోలు. జాలిపడలేదు. డిస్క్ నిండిపోయిందని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.

కాలేజీ లెన్స్ కదా, ఎవరు ఎక్కడ పడేశారో.

అక్టోబరు 9

మెస్‌లో కోల్బీ. బోర్డు మీద మెనూని ఒక కన్ను మూసి చదువుతున్నాడు. సముద్రపు దొంగ వేషమా అన్నాను. నవ్వాడు. శనివారం అమ్మ వస్తోందా అని అడిగాడు. రాదు, కోతల్లో నాన్నకి సాయం అన్నాను. సూప్ తిన్నాడు. శనివారం అమ్మ వస్తోందా అని అడిగాడు.

అక్టోబరు 12, శనివారం

గెలిచాం. మళ్ళీ సాఫ్ట్. లెన్స్‌ని గోడకేసి కొట్టాలనిపించింది.

అక్టోబరు 13, ఆదివారం, మధ్యాహ్నం రెండు

లెన్స్ సంగతేదో తేల్చేద్దామని కూచున్నాను. గోడకి న్యూస్‌పేపర్ అంటించి, కెమెరా స్టాండ్ మీద పెట్టి, దగ్గర నుంచి, దూరం నుంచి తీశాను. సంతాపాల పేజీలో చిన్న అక్షరాలు కూడా బ్లేడుతో కోసినట్టు పడ్డాయి.

లెన్స్‌కి ఏ జబ్బూ లేదు.

నిన్నటి ఫొటోలు మళ్ళీ తెరిచాను. మా యాభై నాలుగో నంబరు వాడి కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. అదే ఫొటోలో వాడి పక్కనే కోల్బీ, అదే దూరంలో. వాడొక్కడే ఎలా సాఫ్ట్ అవుతాడు? స్క్రీన్ నిండా వచ్చేదాకా పెద్దది చేశాను.

రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. గడ్డం పట్టీ మీద కుట్లు లెక్కపెట్టొచ్చు. ముక్కు మీద చెమట చుక్కలో స్టేడియం లైటు కనిపిస్తోంది. ఫోకస్ తప్పలేదు. ఎక్కడా తప్పలేదు.

కళ్ళే తప్పాయి. కుడి కన్ను ముందుకి చూస్తోంది. ఎడమది కాస్త బయటికి ఒరిగి, ఏమీ లేని చోట చూస్తోంది.

సెప్టెంబరు 21 ఫొటో పక్కన పెట్టుకున్నాను. అందులో రెండు కళ్ళూ ఒకే చోటికి చూస్తున్నాయి. 212 ఫొటోలు. దెబ్బ తగిలిన గంటలోపు వాడి మొహం, నిమిషం నిమిషం, అంతా నా దగ్గర ఉండేది. నేనే పారేశాను, చేతులారా, ఫోకస్ లేదని.

అక్టోబరు 14

రెండు ఫొటోలూ ప్రింట్ చేసి తీసుకెళ్ళాను. పోస్ట్‌కార్డంత సైజు. కోల్బీ ముందు నవ్వాడు, నీకు చేతకాక నా మొహం మీదకి తోస్తావేంటే అని. చూడు అన్నాను. ఒక కన్ను మూసుకుని చూశాడు. చూస్తున్నది ఒక కన్ను మూసుకుని అని వాడికే తట్టి, తెరిచాడు.

తర్వాత నవ్వలేదు.

సాయంత్రాలు రెండుగా కనిపిస్తాయట. అలిసిపోతేనేనట. బంతి విసిరేటప్పుడు ఇద్దరు కనిపిస్తే ఎడమవైపు వాడికి విసురుతాడట, వాడే నిజమైనవాడట. ఈ మాట ఎంత మామూలుగా చెప్పాడో. ఐదు వారాలే బ్రిట్ అన్నాడు. నవంబరు పదహారున ట్రెస్లర్ కాలేజీతో ఆట. గెలిచినవాళ్ళకి దక్కే ఆ తుప్పు పట్టిన పాల క్యాన్ పదకొండేళ్ళుగా వాళ్ళ అద్దాల బీరువాలోనే కూచుంది. దాన్ని తీసుకొచ్చాక నువ్వు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆ డాక్టరు దగ్గరికి వస్తా అన్నాడు. అమ్మకి చెప్తానన్నాను. చెప్తే జన్మలో నీ మొహం చూడను అన్నాడు. అది బెదిరింపులా అనలేదు. బతిమాలుతున్నట్టు అన్నాడు.

మైదానం పక్కన చప్పట్లు కొట్టని మనిషివి నువ్వొక్కదానివే, అలాగే ఉండిపో, నీకు పుణ్యముంటుంది అన్నాడు.

సరే అన్నాను.

సరే అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు గంట నుంచి ఆలోచిస్తున్నాను.

అక్టోబరు 15

అమ్మ ఫోన్. వాడు బాగానే ఉన్నాడా అంది. బాగానే ఉన్నాడు అన్నాను. మాట మార్చడానికి దగ్గాను. జలుబా అని అడిగింది. అవునన్నాను. తేనె వేసుకుని వేడినీళ్ళు తాగమంది.

అక్టోబరు 17

ఫెన్విక్ పిలిచాడు. మొహం వెలిగిపోతోంది. ఈ శనివారం, పాత విద్యార్థులంతా వచ్చే హోమ్‌కమింగ్ ఆటకి స్టేడియంలో పెద్ద బ్యానర్ కడుతున్నారట. దానికి నా ఫోల్డర్‌లోంచి ఒక ఫొటో ఎంచి ప్రింటుకి పంపించేశాడట. నేను ఎర్ర గుర్తు పెట్టి పక్కన పడేసిన వాటిలోంచి. ఇంత మంచిది ఎందుకు పారేశావు, నీకు నీ పని విలువ తెలీదు అన్నాడు.

స్క్రీన్ తిప్పి చూపించాడు. అక్టోబరు 12. కోల్బీ మొహం నిలువునా.

కోచ్ చూసి, ఆ చూపు చూడండి, వాడికి చుట్టూ ఎవరూ కనిపించడం లేదు, ఒక్క ఎండ్‌జోన్ తప్ప అన్నాడట. నిజంగానే కనిపించడం లేదండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఇది వద్దు, ఫోకస్ తప్పింది అన్నాను. ఫెన్విక్ పెద్దది చేసి చూపించి, వెంట్రుకలు లెక్కపెట్టుకో అన్నాడు.

అక్టోబరు 19, శనివారం

కట్టేశారు. ఇరవై అడుగులు. పైన విలేఖరులు కూచునే ప్రెస్‌బాక్స్ నుంచి కింద మెట్లదాకా. నేను ఏ మూల మోకాళ్ళ మీద కూచున్నా ఆ కుడి కన్ను నన్నే చూస్తోంది. ఎడమ కన్ను పార్కింగ్‌లో కార్లని చూస్తోంది. రెండు వేల మంది దాని కింద హాట్‌డాగ్‌లు తిన్నారు. ఒక్కరికీ కనపడలేదు.

అమ్మ వచ్చింది. బ్యానర్ కింద నిలబడి నన్ను ఫొటో తియ్యమంది. ఆ కళ్ళు చూశావా, అచ్చం మా నాన్నవే అంది. తీశాను. అమ్మ చాలా బాగా వచ్చింది.

వాడి మొహం అంత ఎత్తున వేలాడుతుంటే నేను ఏమని చెప్పను? ఎవరికి చెప్పను? అందరూ చూస్తూనే ఉన్నారుగా.

అక్టోబరు 26, శనివారం

ఎండ్‌జోన్‌కి బంతి చేరిన టచ్‌డౌన్లు నాలుగు. నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆటంతా వాడి మొహం మీదే లెన్స్ పెట్టుకుని కూచున్నాను. వదిలితే ఏదో అయిపోతుందనిపిస్తుంది. చూస్తుంటే చూడలేకపోతున్నాను. ఫెన్విక్ ఫోల్డర్ చూసి, మిగతా పదిమంది సెలవు మీద వెళ్ళారా అన్నాడు.

నవంబరు 2

గెలిచాం. రెండుసార్లు కింద పడ్డాడు. రెండుసార్లు లేచాడు. లెక్కపెట్టడం తప్ప నేను చేసిందేమీ లేదు.

నవంబరు 6

పత్రిక ఆఫీసుకి వెళ్ళి ఆర్లోని కలిశాను. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, ఫొటోలో ఏదైనా తప్పు కనిపిస్తే మీరేం చేస్తారు అని. ఆయన నా మొహం చూశాడు. కుర్చీ ఇటు తిప్పాడు.

తొంభై ఎనిమిదిలో ఒక కుర్రాడు ఉండేవాడు అన్నాడు. పేరు చెప్పలేదు. ఆట చివర్లో తీసిన ఫొటోలో వాడి మెడ ఏదో తేడాగా ఉందట. ఆర్లో అది చూశాడట, మంచి ఫొటో అనుకుని ఫ్రంట్‌పేజీలో వేశాడట. వాడు ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉంటాడట, వీల్‌చెయిర్ వ్యానులో తిరుగుతాడట. కనిపిస్తే చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతా అన్నాడు. మనం గీత ఇవతల ఉంటాం అమ్మాయ్, మన పని మనం చేసుకుంటాం, అది మంచి పద్ధతే, ముప్పై ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నా అన్నాడు.

కోల్బీకి చూపించిన ఆ రెండు ప్రింట్లూ గదికొచ్చి వెస్ట్ జేబులో పెట్టుకున్నాను.

నవంబరు 9

కోల్బీ నా గది తలుపు కొట్టి, ఒక్క వారమే అన్నాడు. లోపలికి రాలేదు. సబ్బుపొడి కూడా అడగలేదు.

నవంబరు 13

డార్లీన్ గది ముందు నుంచి నాలుగుసార్లు నడిచాను. నాలుగోసారి ఆవిడే బయటికి వచ్చి, టేప్ కావాలా తల్లీ అని అడిగింది. అవునన్నాను. నా గదిలో ఇప్పుడు తెల్ల టేప్ చుట్ట ఒకటి ఉంది.

చెప్తే వాడు నాకు ఉండడు. చెప్పకపోతే వాడే ఉండకపోవచ్చు. ఇంత తేలిక లెక్క నాలాంటి దద్దమ్మ కూడా చెయ్యగలదు. చేస్తూనే ఉన్నాను, నెల నుంచి.

నవంబరు 16, శనివారం, రాత్రి ఏడు

వరుసగా రాస్తాను.

చలి. నేల గడ్డకట్టి ఉంది. ట్రెస్లర్ వాళ్ళు పాల క్యాన్‌ని తెచ్చి వాళ్ళ బెంచీ పక్కన పెట్టారు. మా వాళ్ళని ఊరించడానికి దాని మీద టోపీ కూడా పెట్టారు. మొదటి క్వార్టర్ 7–7. కోల్బీ బాగా ఆడుతున్నాడు. నేను మామూలు మూలలో ఉన్నాను, పక్కన ఆర్లో.

రెండో క్వార్టర్ మధ్యలో కోల్బీ బంతి విసిరాడు, విసిరాక వాణ్ణి తోశారు. పెద్ద దెబ్బ కాదు. మామూలుగా పడ్డాడు, మామూలుగా లేచాడు. లేచి నడిచాడు. తర్వాతి ఎత్తు మాట్లాడుకోవడానికి అందరూ గుండ్రంగా చేరతారు. అక్కడికి వెళ్ళి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

ట్రెస్లర్ వాళ్ళ మధ్యలో.

జనం నవ్వారు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నారు. మా వాళ్ళు ఈలలు వేశారు. ట్రెస్లర్ కుర్రాడొకడు నవ్వుతూ వాడి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా ఇటు తిప్పాడు. తిప్పినప్పుడు వాడి మొహం నా లెన్స్‌లోకి వచ్చింది. నొక్కాను. వెనక ఆకాశం, తెల్ల జెర్సీ చెయ్యి, ఎర్ర జెర్సీ భుజం, వెలుగు సరిగ్గా చెంప మీద. నాకు ఎవరెవరు ఏమేం నేర్పారో అన్నీ అందులో ఉన్నాయి. నేను తీసినవాటిలో ఇంతకంటే మంచి ఫొటో లేదు, ఇక రాదు.

కెమెరా ఆర్లో చేతిలో పెట్టాను. ఆయన తీసుకున్నాడు.

చుక్కల గీత దాటాను. బెంచీల మధ్యకి వెళ్ళాను. ఫెన్విక్ పైనుంచి నా పేరు పెట్టి అరుస్తున్నాడు. డార్లీన్ ఐస్‌పెట్టె దగ్గర నిలబడి ఉంది. రెండు ప్రింట్లూ ఆవిడ చేతిలో పెట్టి, కళ్ళు చూడండి అన్నాను. అక్టోబరులో టెస్ట్ పెట్టానే, ఆగస్టు మార్కులే వచ్చాయి అంది. ఆగస్టులో అందరూ కావాలనే తప్పు రాస్తారు, టీమ్ అంతా, ఏటా అన్నాను. బెంచీ మీద కూచున్నవాళ్ళు పదిహేను మంది విన్నారు. వాళ్ళ మొహాలు నేను చూడలేదు.

డార్లీన్ ప్రింట్లు చూసింది. తర్వాత తలెత్తి బ్యానర్ చూసింది. నెల రోజులుగా ఆవిడ దాని కిందే తిరుగుతోంది. ఆవిడ చెయ్యి నోటి మీదకి వెళ్ళింది.

కోల్బీ పక్కకి రాగానే హెల్మెట్ తియ్యమంది. నీళ్ళకనుకుని తీసిచ్చాడు. ఆవిడ దాన్ని ఐస్‌పెట్టెలో పడేసి, మూత వేసి, మూత మీద కూచుంది. తర్వాత వాడి ముందు వేలు పెట్టి అటూ ఇటూ కదిపింది. కోచ్ వచ్చి ఏదో గట్టిగా మాట్లాడాడు. డార్లీన్ లేవలేదు. ఈ పెట్టె మీద నుంచి నన్ను లేపాలంటే మీరూ మీ టీమ్ మొత్తం రావాలి అంది.

కోల్బీ హెల్మెట్ కోసం వెతుకుతున్నాడు. బెంచీ కింద చూశాడు. ఎవరెవరినో అడిగాడు. అప్పుడు డార్లీన్ ఒళ్ళో రెండు ప్రింట్లు కనిపించాయి. తర్వాత నేను కనిపించాను.

నా వైపు చూశాడు. ఒక కన్ను నన్ను చూసింది. అందులో ఏముందో నాకు తెలుసు, రాయను. రెండోది నా భుజం పక్కన, ఎవరూ లేని చోట చూసింది.

24–10. పాల క్యాన్ టోపీతో సహా వాళ్ళ బస్సెక్కింది.

నవంబరు 17

అమ్మ అరవలేదు. నీకు ఎప్పటి నుంచి తెలుసు అని అడిగింది. అక్టోబరు పదమూడు అన్నాను. వారాలు పైకే లెక్కపెట్టింది, ఐదు. ఫోన్ పెట్టేసింది.

నవంబరు 18

వెస్ట్ తిరిగిచ్చేశాను. ఫెన్విక్ అడగకముందే. మెస్‌లో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. యాభై నాలుగో నంబరు వాడు ట్రేతో నా పక్క నుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు. వాడికీ తలనొప్పులొస్తున్నాయట. డార్లీన్ గది ఎక్కడో నాకు తెలుసు కదా అని అడిగాడు, ఆవిడ గది ఎక్కడో తెలియని ఆటగాడు ఎవడుంటాడు. తీసుకెళ్ళాను.

నవంబరు 20

బ్యానర్ ఇంకా ఉంది. దించే నిచ్చెన బండి వచ్చే వారం వస్తుందట.

నవంబరు 22

కంటి డాక్టరు చూశాడు. అమ్మ ఫోన్ చేసి చెప్పింది, రిపోర్ట్ చదివినట్టు. రెండు కళ్ళూ కలిసి పనిచెయ్యడం లేదట. మళ్ళీ కలవొచ్చు, కలవకపోనూ వచ్చు. ఇక ఫుట్‌బాల్ లేదు. ఇంకో గట్టి దెబ్బ తగిలి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి ఆపేశాడట. అమ్మ కూడా అక్కడే ఆపేసింది.

ఫోన్ పెట్టేముందు, జలుబు తగ్గిందా అంది.

నవంబరు 28

థాంక్స్‌గివింగ్. బల్ల మీద టర్కీకి అటు నేను, ఇటు కోల్బీ. ఉప్పు కావాలంటే నాన్నని అడిగాడు. ఉప్పు నా చేతి దగ్గరే ఉంది. ఫ్రిజ్ మీద సెప్టెంబరు ఫొటో లేదు, అయస్కాంతం మాత్రం ఉంది.

డిసెంబరు 1, ఆదివారం

డాక్టరు చెప్పిన కంటి వ్యాయామానికి పెన్సిల్ పట్టుకోవడానికి నేనే మిగిలాను. అమ్మ పట్టుకుంటే సగంలోనే దించేస్తోంది. నాన్న గబగబా జరిపేస్తాడు.

చెయ్యి చాచినంత దూరం నుంచి వాడి ముక్కు దాకా మెల్లగా తేవాలి. ముల్లు రెండుగా కనిపించినప్పుడు వాడు చెప్పాలి, అది ముక్కుకి ఎంత దగ్గరైతే అంత మేలట. పదిహేనుసార్లు, రోజుకి రెండు పూటలా. పెన్సిల్ వెనక నా మొహమే ఉంటుంది. ఇద్దరికీ తప్పదు.

నిన్న జానెడున్నర దూరంలో చెప్పాడు. ఇవాళ జానెడు.

రెండు, అన్నాడు. పదిహేను రోజుల్లో నాతో అన్న మాట అదొక్కటే. ఆరింటికి మళ్ళీ కూచోవాలి.